బేలులో పెట్టిన చేయి

వ్యాపారంలో దిగిన రోజున నా దగ్గరున్నవి ఒక నోరు, ఒక తోపుడుబండి, ఒక చేయి. నోరు నాది. బండి అద్దెది. చేయి మా బావమరిదిది. మూడింటిలో నికరమైన ఆస్తి ఆ చేయి ఒక్కటే.

మాది పాతబట్టల వ్యాపారం. ఎక్కడెక్కడి జనమో వాడి వదిలేసిన చొక్కాలు, కోట్లు, స్వెట్టర్లు, పిల్లల గౌన్లు యంత్రంలో అదిమి, పట్టీలు బిగించి, నడుమెత్తు బేళ్లుగా కట్టి రేవు పక్క యార్డుకి పంపిస్తారు. బేలు విప్పి చూపించరు. పైన గోనెపట్టా ఉంటుంది. లోపల మేలైన ఉన్ని కోట్లు ఉండవచ్చు, యంత్రాల నూనె తుడవడానికి తప్ప పనికిరాని పీలికలు ఉండవచ్చు. మా యార్డు పద్ధతి ఏమిటంటే, బేలు మూలన ఒక గాటు పెడతారు. కొనేవాడు అందులో మణికట్టు దాకా చేయి దూర్చి తడిమి చూసుకోవచ్చు. అప్పుడు యార్డు పెద్ద కర్రతో బేలు మీద మూడుసార్లు కొడతాడు. మూడో దెబ్బ పడేలోపు చేయి బయటికి తీస్తే బేరం లేదు. మూడో దెబ్బ పడేసరికి చేయి ఇంకా లోపలే ఉంటే బేలు నీది. ఈలోగా నోటితో ఏమన్నా చెల్లదు. నోరు మాట మారుస్తుంది కాబట్టి అక్కడ చేతినే నమ్ముతారు. కొనేవాడి మోచేయి పట్టి వెనక్కి లాగే హక్కు అతని భాగస్తుడికి మాత్రమే ఉంది. వేరెవరూ ముట్టుకోకూడదు.

బావమరిదిని యార్డులో అందరూ మణికట్టు అనే పిలిచేవారు. ఉన్నికి ఉండే వెచ్చదనం, నైలానుకి ఉండే జారుడు, ఉతికి ఉతికి అరిగిన కాలరు బిరుసు, అన్నీ అతని వేళ్లకి తెలుసు. చేయి పెట్టి, కళ్లు మూసుకుని, ఎక్కువసార్లు తల అడ్డంగా ఊపి తీసేసేవాడు. తీసుకున్న బేళ్ల కంటే వదిలేసిన బేళ్ల వల్లే మేం పైకి వచ్చాం. వాడు కొనేవాడు, నేను అమ్మేవాడిని. లాభం చెరిసగం. తోపుడుబండి దుకాణమైంది, దుకాణానికి గోదాము తోడైంది, ఆ తర్వాత ఇల్లు. కింద నేనూ మా ఆవిడా, పైన మేడలో వాడు. పెళ్లెందుకు చేసుకోలేదురా అని ఎవరైనా అడిగితే, "ముందు చేయి పెట్టి చూడనివ్వరు కదా" అని నవ్వేవాడు.

అలాంటి చేయి వణకడం మొదలైంది.

ముందు బొటనవేలు. టీ కప్పు పట్టుకుంటే సాసరు మోగేది. తర్వాత చేయంతా. గాటులో దూర్చాక వణికే వేళ్లకి ఉన్నీ ఒకటే, నైలానూ ఒకటే. రెండు చెడ్డ బేళ్లు తీసుకుని, ఆ పూట భోజనం కూడా ముట్టకుండా మేడమీద కూర్చున్నాడు. వాడు అంతే. చెడ్డ బేలు తగిలితే ఒంట్లో బాగాలేనివాడిలా అయిపోయేవాడు. మా ఆవిడ కంచం పట్టుకుని మెట్లెక్కి దిగింది.

డాక్టరు దగ్గరికి నేనే తీసుకెళ్లాను. డాక్టరమ్మ వాడిని నడిపించింది, వేళ్లు ఆడించమంది, గుండీలు పెట్టుకోమంది. తర్వాత ఇద్దరినీ ఎదురుగా కూర్చోబెట్టి చెప్పింది.

"మెదడు అడుగున కొన్ని కణాలు ఉంటాయి. డోపమైన్ అనే రసాయనంతో మిగతా మెదడుకి కబుర్లు పంపుతాయి. కాలూ చేయీ కదలాలంటే అది కావాలి. ఏదైనా కావాలనిపించాలన్నా అదే కావాలి. మీ తమ్ముడికి ఆ కణాలు తగ్గిపోతున్నాయి."

"తమ్ముడు కాదండీ, బామ్మర్ది," అన్నాను. చుట్టరికంలో తేడా వస్తే వాటాల్లో తేడా వస్తుంది.

"ఈ మాత్ర డోపమైన్‌లా నటిస్తుంది. చేయి దారికి వస్తుంది."

"కావాలనిపించడం అన్నారు. అదేంటి?"

ఆవిడకి ఓపిక ఎక్కువ. కోతుల మీద చేసిన పరీక్ష ఒకటి చెప్పింది. దీపం వెలిగించి, కాసేపాగి, కోతి నోట్లో పళ్లరసం చుక్క వేస్తారట. మొదట్లో రసం పడ్డప్పుడు ఆ కణాలు ఎగిసిపడతాయి. అలవాటయ్యాక దీపం వెలగగానే ఎగిసిపడతాయి, రసం పడ్డప్పుడు ఉలుకూ పలుకూ ఉండదు. దీపం వెలిగి రసం రాలేదనుకోండి, ఉన్న కాస్త చప్పుడూ ఆగిపోతుంది. ఆ ఆగిపోవడమే కోతికి పాఠం.

"అంటే దళారి అన్నమాట," అన్నాను. "సరుకుతో వాడికి పనిలేదు. అనుకున్నదానికీ వచ్చినదానికీ ఉన్న తేడా మీదే వాడి కమీషను. అనుకున్నదే వస్తే వాడికేం లేదు. తక్కువొస్తే మొహం మాడ్చుకుంటాడు. ఆ మొహం గుర్తుండబట్టే మనం మళ్లీ ఆ సరుకు జోలికి పోం."

"అలాగే అనుకోండి. చిక్కేంటంటే, ఈ మాత్ర పడ్డాక ఆ మొహం మాడడం కొందరికి సరిగా తెలియదు. నష్టం వస్తుంది, ఆ కబురు మాత్రం మెదడుకి చేరదు. జూదంలో పడ్డవాళ్లున్నారు. అక్కర్లేనివి కొని ఇల్లంతా నింపుకున్నవాళ్లున్నారు. అందరికీ అలా జరగదు. కానీ అలాంటిదేమైనా కనిపిస్తే వెంటనే తీసుకురండి, మందు మారుద్దాం. మీ అంతట మీరు మాత్రం ఆపకండి. ఉన్నట్టుండి ఆపితే ఒళ్లు కొయ్యబారిపోతుంది."

బావమరిది నవ్వాడు. "నేనా డాక్టరమ్మా? పేకముక్క ముట్టిన పాపాన కూడా పోలేదు."

ఆవిడ నవ్వలేదు. నా వైపు తిరిగింది. "ఆయనకి తెలియదు. తెలిసేది పక్కనున్నవాళ్లకే."

ఇంటికొచ్చాక మా ఆవిడకి చేయి బాగవుతుందని చెప్పాను. రోజూ పొద్దున్నే మాత్ర ఇవ్వడం నీ పని అన్నాను. మిగతావి చెప్పలేదు. అడగని సరుకు కొట్లోంచి బయటికి తీయడం నాకు అలవాటు లేదు.

చేయి బాగుపడింది. నెల తిరిగేసరికి సాసరు మోగడం మానేసింది. మళ్లీ యార్డుకి వెళ్లాం. అందరూ ముట్టుకుని వదిలేసిన బేలొకటి ఎండలో పడి ఉంది. వాడు చేయి పెట్టాడు. "నైలానే బావా ఎక్కువ," అన్నాడు. పాత రోజులైతే ఆ మాటతోపాటే చేయి బయటికి వచ్చేది. ఈసారి మూడో దెబ్బ పడింది, చేయి లోపలే ఉంది.

"నైలాను అన్నావు కదరా."

"అన్నాను. కానీ అడుగున ఏముందో ఎవరికి తెలుసు?"

అడుగున నిజంగానే కొన్ని తోలుకోట్లు దొరికాయి. అదే కొంప ముంచింది. ఆ మర్నాడు రెండు తీసుకున్నాడు, ఆ పై వారం చేతికందినన్ని. యార్డులో పిల్లల బట్టలు కొనే ఒకావిడ ఉంది, నోరు కాస్త పదును. "మీ మణికట్టుకి పెళ్లికళ వచ్చిందేంటయ్యా, కనిపించిన బేలునల్లా కావలించుకుంటున్నాడు," అంది.

గోదాములో సంగతి నేను గమనిస్తూనే ఉన్నాను. ఇదివరకు బేలు విప్పితే వాడే కూర్చుని మొదటి రకం, రెండో రకం ఏరేవాడు. ఇప్పుడు పట్టీ కోస్తాడు, మోచేతుల దాకా దూర్చి ఒకసారి కెలుకుతాడు, అంతే, పక్క బేలు దగ్గరికి పోతాడు. ఏరని బట్టలు నేలమీద మోకాలెత్తు పేరుకున్నాయి. కత్తి పట్టీ మీద ఆనించే క్షణంలో వాడి మొహం చూడాలి. నిద్రలేవగానే తల్లి మొహం చూసిన పసివాడిలా ఉండేది. పట్టీ తెగగానే ఆ వెలుగు ఆరిపోయేది. లోపల పట్టున్నా పీలికలున్నా ఒక్కలాగే ఆరిపోయేది.

నాకు ఏ విషయమూ వినికిడితో సరిపోదు, తూచి చూసుకోవాలి. ఒకరోజు నూనె కంపు కొట్టే పీలికలు మూటగట్టించి, కొత్త గోనెపట్టా చుట్టించి, పట్టీలు బిగించి వాడి బేళ్ల మధ్య పెట్టించాను. గుమ్మం దగ్గర నిలబడి చూశాను. వాడు దాని దగ్గరికి వచ్చాడు. మొహం వెలిగింది. కోశాడు. కంపు గుప్పున కొట్టింది. వాడు తిట్టలేదు. ముక్కు కూడా మూసుకోలేదు. చేతులు ప్యాంటుకి తుడుచుకుని, "ఇందులో ఏముందో చూద్దాం బావా," అని తర్వాతి బేలు వైపు నడిచాడు.

పీలికలు చూసి తిట్టని మనిషి ఇక వ్యాపారి కాడు. డాక్టరమ్మ చెప్పినది కళ్లారా చూశాను. లోకులైతే ఆ సాయంత్రమే ఆసుపత్రికి పరిగెత్తేవాళ్లు. నేను లెక్క చూసుకున్నాను. మందు తగ్గిస్తే చేయి పోతుంది. చేయి లేకపోయినా సగం వాటా ఎక్కడికీ పోదు. చచ్చేదాకా ఆ సగాన్ని నేను మోయాలి. మందు ఉంటే చేయి ఉంటుంది, ఆ చేతికి లోపలున్నది ఇప్పటికీ సరిగ్గానే తెలుస్తోంది. బుద్ధి చెప్పినా ఆశ ఆగడం లేదు, అంతే. ఆశకి అడ్డుపడడం దేనికి? దాని ఖర్చు ఎవరి మీద రాయాలన్నదే అసలు ప్రశ్న.

మర్నాడు యార్డు పెద్ద ముందు నిలబెట్టి వాడితో మాట్లాడాను.

"ఒరే, రోజూ నేను వద్దనడం, నువ్వు తీసుకోవడం, మనిద్దరికీ గొడవెందుకు? నేను సరే అన్న బేలు ఉమ్మడిది. నేను వద్దన్నాక నువ్వు తీసుకున్నది నీది. దాని ఖరీదు నీ సగంలోంచి పోతుంది. సరేనా?"

"అంటే ఇంక నువ్వు అడ్డు చెప్పవన్నమాట," అన్నాడు వాడు.

"నీ చేయి నీ ఇష్టం."

"బావంటే నువ్వే బావా," అని నా భుజం పట్టుకున్నాడు. యార్డు పెద్ద మా ఇద్దరినీ ఒక్కసారి చూసి, చెవి గోక్కున్నాడు. ఒప్పందాలకి సాక్షి కావాలి గాని సలహా అక్కర్లేదు.

ఆశ లావు, పీక సన్నం అంటారు. గోదాములో వాడి సగం ముందు కరిగింది. తర్వాత మేడ. వాడు తీసుకున్న ప్రతి బేలుకీ నేను నలుగురికీ వినబడేలా వద్దన్నాను. గొంతు తగ్గించిన రోజు ఒక్కటీ లేదు. కొన్న బేళ్లన్నీ మేడమీదికి చేరాయి. మంచానికి చోటు చాలక, మంచం బయటపడేసి బేళ్ల మీదే పడుకోవడం మొదలుపెట్టాడు.

మా ఆవిడ ఒక మధ్యాహ్నం దుకాణానికి వచ్చింది. మామూలుగా రాదు.

"వాడు వాడిలా లేడండీ. భోజనానికి పిలిస్తే, ఈ పట్టీ ఒక్కటీ కోసి వస్తానక్కా అన్నాడు. సాయంత్రం దాకా రాలేదు. పైకి వెళ్తే కంచంలో నేను పొద్దున పెట్టింది పెట్టినట్టే ఉంది. నన్ను చూసి, 'అక్కా, ఇది చూడు, ఇది కోస్తాను చూడు' అంటాడు. నాకు భయమేసింది."

"మాత్ర వల్లే."

"మీకు తెలుసా?"

"డాక్టరమ్మ ముందే చెప్పింది."

ఆవిడ కౌంటరు మీద చేయి ఆనించి నిలబడింది. "నాకు చెప్పలేదేం?"

"చెప్తే ఏం చేస్తావు? చేయి కావాలా, బుద్ధి కావాలా అని వాడినే అడుగు. నేనైతే ఏ రోజూ కొనమనలేదు. వద్దనే అన్నాను. యార్డంతా సాక్ష్యం."

"మీరు వద్దన్న మాట వాడికి ఆపడానికి అన్నారా, లెక్కకి అన్నారా?"

గిరాకీ వచ్చింది, అటు తిరిగాను. ఆవిడ వెళ్లిపోయింది. ఉన్నట్టుండి ఆపితే ఒళ్లు కొయ్యబారుతుందన్న మాట ఆవిడకి అప్పుడు చెప్పి ఉండవచ్చు. ఆవిడ ఆ మాట అడగలేదు.

వారం తిరక్కముందే తేడా కనిపించింది. బావమరిది కాలు ఈడుస్తున్నాడు. మొహం బిగుసుకుపోయింది. మాట లోగొంతులో పడిపోయింది. కానీ వేళకి కిందికి వచ్చి భోజనం చేస్తున్నాడు. మా ఆవిడ మాత్ర మాన్పించేసి, దాని బదులు అలాంటిదే బలానికి వేసుకునే బిళ్ల ఇస్తోంది. నేను సీసా చూసి గ్రహించాను. ఊరుకున్నాను.

ఒక పొద్దున వాడు మేడమెట్ల మీద కూర్చుని ఉన్నాడు. ఏడుస్తున్నాడు. శబ్దం లేదు, మొహం కదలడం లేదు, నీళ్లు మాత్రం కారుతున్నాయి. ఇన్నాళ్లూ అందకుండా ఆగిపోయిన నష్టాల కబుర్లన్నీ ఒక్కసారే వచ్చి గుమ్మంలో పడ్డట్టున్నాయి.

"బావా, పైనున్నవన్నీ పీలికలే. ఇన్ని ఎందుకు కొన్నాను?"

"వద్దన్నాను కదరా."

"అన్నావు. ప్రతిసారీ అన్నావు. చేయి పట్టుకుని లాగొచ్చు కదా. నువ్వు భాగస్తుడివి. లాగొచ్చు."

"నీ చేయి నీ ఇష్టమని ఒప్పుకున్నాం."

వాడు తలూపాడు. "దుకాణంలో నాది ఇంకా ఉందా?"

"ఉంది. అదొక్కటీ ఉంది."

"అది మిగిలితే చాలు. ఏరుకుంటూ కూర్చుంటాను. ఇంక యార్డుకి రాను. అక్కకి మాటిచ్చాను."

పందెంలో ఇక మిగిలింది అదే. దుకాణంలో వాడి సగం. అది ఉంటే వాడు కూర్చుని తినొచ్చు, అక్క ముందు తలెత్తుకుని తిరగొచ్చు. లేకపోతే వాడికి నిలువ నీడ లేదు.

ఆ సమయంలోనే యార్డులోకి ఒక వరస వచ్చింది. ఓడలో వచ్చిన బేళ్లు కొన్ని ఒకే గుత్తగా అమ్ముతారు. ఒక బేలులో చేయి పెడితే వరసంతటికీ పెట్టినట్టే. బాగుంటే ఏడాది వ్యాపారం అందులోనే తేలిపోతుంది. చెడితే మునిగిపోతాం. అలాంటి వరసని నా వేళ్లతో తూచడం నా వల్ల కాదు. వాడిని అడిగాను.

"తీసుకోవద్దురా. చేయి పెట్టి లోపలేముందో చెప్పి తీసేయ్. నా కోసం ఒక్కసారి."

"అక్క..."

"అక్కకి కొననని మాటిచ్చావు. తడమనని ఇవ్వలేదు కదా."

వాడు నవ్వడానికి ప్రయత్నించాడు. మొహం సహకరించలేదు. "సరే పద. ఇప్పుడు బుద్ధి నాతోనే ఉంది, భయం లేదు," అన్నాడు.

యార్డు దాకా నడవడానికి చాలాసేపు పట్టింది. గుమ్మం దాటేటప్పుడు వాడి కాళ్లు నేలకి అతుక్కుపోయాయి. నేను నిలబడి చూశాను. కాసేపటికి అవే విడివడ్డాయి. ఒళ్లు కొయ్యబారుతుందని డాక్టరమ్మ అన్నది ఎలా ఉంటుందో అక్కడే తెలిసింది. అయినా వెనక్కి తిప్పలేదు. నేను వాడిని గోతిలోకి తోయలేదు. గొయ్యి ఉన్న దారిలోంచి పక్కకి లాగలేదు, అంతే. ఈ రెంటికీ తేడా తెలియనివాళ్లు వ్యాపారం చేయకూడదు.

వరస ముందు పది మంది గుమిగూడారు. మణికట్టు వచ్చాడని దారిచ్చారు. వాడు గాటులో చేయి దూర్చాడు. కళ్లు మూసుకున్నాడు. ఆ మొహంలో ఆశ లేదు, ఆరాటం లేదు. పాత మనిషి. మెల్లగా నా వైపు వంగాడు.

"తడి బావా. కుళ్లిపోయింది. బూజు వేళ్లకి తగులుతోంది. వద్దు."

"వద్దు," అన్నాను నేను, నలుగురికీ వినబడేలా.

యార్డు పెద్ద మొదటి దెబ్బ కొట్టాడు.

వాడి భుజం వెనక్కి కదిలింది. మణికట్టు కదల్లేదు. మళ్లీ లాగాడు. చేయి సిమెంటులో పాతినట్టు ఉండిపోయింది. కళ్లు తెరిచి నన్ను చూశాడు.

"బావా, రావట్లేదు."

ఆ గొంతు నాకు తప్ప ఎవరికీ వినబడేలా లేదు. పిల్లల బట్టలావిడకి మాట వినబడలేదు గాని సంగతి అర్థమైంది. "అయ్యా, ఆయన చేయి పట్టేసింది. లాగు. నువ్వు భాగస్తుడివే కదా," అంది.

రెండో దెబ్బ పడింది.

లాగడానికి నాకు ఖర్చేమీ లేదు. దమ్మిడీ పోదు. మోచేయి నా చేతికి జానెడు దూరంలో ఉంది. లాగితే వరస ఎవరిదీ కాదు, మేం ఎలా వచ్చామో అలాగే ఇంటికి పోతాం. సగం దుకాణం వాడిది, సగం నాది, వాడి జబ్బు ఇద్దరిదీ. లాగకపోతే వరస వాడిది. నేను వద్దన్నాను, అందరూ విన్నారు. దాని ఖరీదు వాడి సగాన్ని పూర్తిగా మింగేస్తుంది.

"బావా, లాగు," అన్నాడు. "అక్క మీద ఒట్టు, ఇంకెప్పుడూ నిన్నేమీ అడగను. లాగు."

నా చేతులు జేబుల్లోనే ఉన్నాయి. అప్పుడు నా లోపల ఒక్కసారి ఎగిసింది. ఛాతీలో వేడి, అరచేతుల్లో జలదరింపు, దుకాణం మొత్తం నా కళ్లముందు దీపాలన్నీ వేసినట్టు కనిపించింది. పెళ్లినాడు కూడా అంత సంతోషం ఎరగను.

మూడో దెబ్బ పడింది. ఆశ్చర్యమేమిటంటే, అది పడ్డాక నాకేమీ అనిపించలేదు. ముట్టాల్సింది ముందే ముట్టేసింది.

యార్డు పెద్ద కర్ర కింద పెట్టాడు. "నువ్వు వద్దన్నావు కదూ?" అన్నాడు.

"వద్దన్నాను."

"మరి లాగలేదేం?"

"ఒప్పందం మీ ముందే చేశాం."

పిల్లల బట్టలావిడ నేలమీద ఉమ్మేసింది. "పామైనా ఆకలేస్తేనే కరుస్తుందయ్యా," అని తన సరుకు సర్దుకుంది. గోనెపట్టా కత్తితో చీల్చి బావమరిది చేయి బయటికి తీశారు. వేళ్ల మధ్య నల్లటి పీలిక ఇరుక్కుని ఉంది.

ఇంటికి తీసుకెళ్లి కుర్చీలో కూలేశాను. మా ఆవిడ వాడి చేయి చూసింది, నన్ను చూసింది. జరిగింది చెప్పాను. చివర్లో ఒక్క ప్రశ్న అడిగాను.

"మాత్ర ఎవరు మాన్పించారు?"

ఆవిడ మొహం పాలిపోయింది. "బుద్ధి రావాలని మాన్పించాను."

"ఒక్కసారిగా ఆపితే ఒళ్లు కొయ్యబారుతుంది. డాక్టరమ్మ చెప్పింది."

ఆవిడ తమ్ముడి కాళ్ల దగ్గర కూలబడింది. "నేనే చేశాను. నా చేతులతో నేనే చేశాను," అనుకుంటూ వాడి వేళ్లు ఒక్కొక్కటే విప్పి తుడిచింది. ఆ నష్టాన్ని ఆవిడ తన పేరున వేసుకుంది. నేను దిద్దలేదు.

మర్నాడు ముగ్గురం డాక్టరు దగ్గరికి వెళ్లాం. మాత్ర ఎందుకు ఆగింది అని అడిగితే, పొరపాటున అన్నాం. ఇంకేమైనా తేడా గమనించారా అని అడిగింది. కొనుగోళ్ల సంగతి ఎవరూ ఎత్తలేదు. నాకు లాభం లేదు కాబట్టి నేను ఎత్తలేదు. మందు మారిస్తే తమ్ముడు మళ్లీ కొయ్యబారతాడేమోనని మా ఆవిడ ఎత్తలేదు. వాడు నేల చూస్తూ కూర్చున్నాడు. పాత మాత్రే మళ్లీ మొదలైంది.

వరస ఖరీదు యార్డుకి నేను కట్టి, దుకాణంలో వాడి సగం నా పేరున మార్పించుకున్నాను. ఎక్కడ వేలు పెట్టమంటే అక్కడ పెట్టాడు. అప్పటికే మాత్ర పని చేస్తోంది. కాగితాల వైపు చూడలేదు. "ఆ వరస ఎప్పుడు వస్తుంది బావా? అన్నీ నేనే విప్పుతాను కదూ?" అన్నాడు.

అన్నీ వాడే విప్పాడు. కుళ్లినవాటిని ఒక్కొక్కటీ కోశాడు, కోసిన ప్రతిసారీ మొహం వెలిగింది.

యార్డుకి ఇప్పటికీ తీసుకెళ్తాను. చేయి పెట్టి లోపలేముందో చెప్తాడు. చెప్పాక ఇంకా లోపలే ఉంచాలని చూస్తాడు. రెండో దెబ్బ పడేలోపే మోచేయి పట్టి లాగేస్తాను. ఇప్పుడు నష్టం నాది.

మొన్న మా ఆవిడ అడిగింది. ఆ రోజు తర్వాత ఆవిడ నాతో అవసరమైతేనే మాట్లాడుతుంది.

"వాడికి కూలి ఏమిస్తున్నారు?"

"వాడు అడగలేదు."

"అడగకపోతే?"

"బేళ్లు విప్పనిస్తున్నాను కదే. వాడికి అదే కావాలి. డబ్బు ఇచ్చి చూశాను, గోదాములోనే మర్చిపోయి వెళ్లిపోయాడు."

మేడ ఖాళీ చేయించి సరుకు పెట్టాను కాబట్టి వాడు గోదాములోనే పడుకుంటున్నాడు. ఆవిడ పొద్దున్నే నడిచి వెళ్లి మాత్ర ఇచ్చి వస్తుంది. ఒక్క నిమిషం ఆలస్యమైతే ఆవిడ చేతులే వణుకుతాయి.

ఇక లెక్క తేల్చాలి. దుకాణం నాది, గోదాము నాది, మేడ నాది. కుళ్లిన వరసని ఎండబెట్టి యంత్రాల షెడ్లకి తుడుపుగుడ్డలుగా తోలేశాను, అక్కడా కొంత రాబట్టాను. గోదాములో ఒక పనివాడు ఉన్నాడు. జీతం అడగడు, సెలవు అడగడు, నాకంటే ముందే తలుపు దగ్గర ఉంటాడు. సాయంత్రం తాళం వేయబోతే, "ఒక్కటి బావా, ఇంకొక్కటి," అని బతిమాలుతాడు. కొన్ని రోజులు ఇస్తాను, కొన్ని రోజులు ఇవ్వను. ఎప్పుడు ఇస్తానో తెలియకపోతేనే మర్నాడు ఇంకా తొందరగా వస్తాడు. అతనికి మందిచ్చే మనిషికి కూడా నేను కూలి ఇవ్వనక్కర్లేదు. అన్నీ కూడి చూసుకున్నాను. అంతా మిగులే. తీసివేయాల్సింది ఏదీ నాకు కనపడలేదు.